గోప్యా పెట్టెలో కృష్ణ లేదు

మా కృష్ణ రేవుల రెండే రెండు ఇంజన్ పడవలుండె. ఒకటి గోప్యాది, ఇంకోటి వాళ్ల బావ ధర్మాది. గోప్యా అక్క జమ్లీని ధర్మాకిచ్చిన్రు. చుట్టరికం ఇంట్లనే, రేవుల కాదు. ధర్మా పడవకు కొత్త రంగేస్తే ఆ పూట గోప్యాకు బువ్వ దిగదు. ధర్మా హారన్ పెట్టిండని గోప్యా లారీ హారన్ తెచ్చి బిగించిండు. అది మోగితే అవతలి గట్టున బర్రెలు పాలు ఎగబెట్టేవి. నవ్వకున్రి, ఆ పాలు లేక నేను నల్ల చాయ్ తాగిన.

తొంభైల ఆఖర్ల ఒక యేడు వానలు మొకం చాటేసినయ్. ఆ యేడే ధర్మా కోదాడ నుంచి ఒక పెట్టె తెచ్చిండు. సముద్రంల చేపల పడవలకు పెట్టే పెట్టె అది. పైన తిరిగే ఉపగ్రహాలతోటి మాట్లాడి పడవ ఎక్కడున్నదో చెప్తదట. పడవ పోతుంటే అద్దం మీద దాని వెనుకనే సన్నగ గీత పడుతది. చలికాలం మంచుల ఆ గీత పట్టుకొని పోతే బండలకు తగలకుండ ఇల్లు చేరొచ్చు.

తండా అంతా వచ్చి సూసింది. తండాకు పెద్ద, నాయక్ బీక్యా కండ్లద్దాలు తుడుచుకొని మరీ సూసిండు.

"ఈసారి తీజ్ బుట్టలు ధర్మా పడవల పోతే ఎట్లుంటది?" అన్నడు.

అంతే, గోప్యా మొకం మాడిన రొట్టె లెక్కయింది. తీజ్ అంటే పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టల్ల గోధుమ మొలకలు పెంచి, ఆడి పాడి, ఆఖరికి నీళ్లల్ల కలిపే పండుగ. ఆ బుట్టలు నడి కృష్ణకు తీస్కపోయేది గోప్యా నాయిన పడవ. ఆయన పోయినంక గోప్యా పడవ. ఇంకొకరి పడవ ఎన్నడూ ఎక్కలేదు.

తెల్లారి నన్ను తోడు పట్టుకొని గోప్యా కోదాడ బస్సెక్కిండు. టీవీ దుకాణం వెంకటరత్నం కాకినాడ నుంచి అసొంటి పెట్టెలు తెప్పిస్తడు.

"ధర్మా ఏది కొన్నడు?" అడుగు లోపల పెట్టకముందే గోప్యా మాట ఇది.

"చిన్నదండీ. చార్టు లేకుండా పెట్టె ఒక్కటే తీసుకున్నారు."

"చార్టంటే?"

వెంకటరత్నం అగ్గిపెట్టెంత బిళ్ల తీసి సూపిండు. "ఇది దూరిస్తే అద్దం మీద పటం వస్తుందండీ. తెల్లగా ఉంటే నీళ్లు, బూడిదరంగుంటే నేల."

"బావ దాంట్ల లేదా ఇది? అయితే నాకు ఇదే కావాలె. పెట్టె గూడ పెద్దది తియ్. ఎన్నున్నయ్ బిళ్లలు?"

"రెండండీ. ఒకటి బంగాళాఖాతం, ఒకటి అరేబియా సముద్రం."

"దేంట్ల నీళ్లెక్కువ?"

వెంకటరత్నం నా దిక్కు సూసిండు. నేను గోడ మీద క్యాలెండర్ దిక్కు సూసిన.

"ఇవి సముద్రానివండీ. మీ రేవుకు చార్టు ఎవరూ చెయ్యలేదు. ధర్మాగారికీ అదే చెప్పాను, అందుకే ఆయన వద్దన్నారు."

"కృష్ణ పొయ్యి ఏడ కలుస్తది?"

"బంగాళాఖాతంలోనండీ."

"మరి? కలిసినంక అవి ఈ నీళ్లు కావా? ఆ బిళ్లనే ఇయ్యి."

వెంకటరత్నం ఆ బిళ్లనే పెద్ద పెట్టెల దూర్చి చేతికిచ్చిండు.

పండుగకు ముందు బీక్యా ఇద్దరినీ రేవుకు పిలిచిండు. "పడవలు నడిపి సూపున్రి. ఏ పెట్టె నిజం చెప్తే ఆ పడవల బుట్టలు."

ధర్మా పొయ్యొచ్చిండు. గీత ముగ్గు పోసినంత ముద్దుగ పడ్డది. తర్వాత అందరం గోప్యా పడవ ఎక్కినం. బీక్యా, ఆయన భార్య కమలాబాయి, ఆమె ఎత్తుకుంటే తీజ్ పాటలు అందుకునే ఆడపిల్లలు, నేను. బామ్మర్ది భాగోతం సూద్దామని ధర్మా గూడ ఎక్కిండు.

నడి ఏట్లకు పోంగనే పెట్టె కుయ్యి కుయ్యిమని ఒకటే ఏడుపు. అద్దమంతా బూడిదరంగు. నడుమ చిన్న పడవ బొమ్మ. తెల్లది సుక్క లేదు.

ధర్మా వంగి సూసి పక్కలు పట్టుకున్నడు. "బామ్మర్దీ, నీ పడవ నేల మీదున్నదిరా! జర పక్కకు జరుపు, మిర్యాలగూడ బస్సొస్తది!"

పిల్లలు పకపక నవ్విన్రు. బీక్యా మీసం చాటున నవ్విండు. గోప్యా ఇంజన్ ఆపి, పెట్టెను రెండు చేతుల పట్టి పీకబట్టిండు, ఏట్లెయ్యడానికి. వాని కండ్లల్ల నీళ్లు. ఆ పెట్టెల లేని నీళ్లన్నీ అక్కడికే వచ్చినయ్.

"ఆగు బిడ్డా," అన్నది కమలాబాయి. "ఏమంటున్నది నీ పెట్టె?"

"నేల మీద పడవ పోతున్నదంటున్నది పెద్దమ్మా."

"నేల మీద పడవ పోవాలంటే ఏముండాలె?"

"నీళ్లుండాలె."

"మన చేన్లల్ల నీళ్లున్నయా?"

నవ్వులు ఆగినయ్. తలాపున కృష్ణ పారుతున్నా మా తండా చేన్లు మిట్టకుంటయ్. వాన పడితేనే పంట. ఆ యేడు పత్తి మోకాలెత్తు లేవలే.

"పిల్లలు మొలకలు పెంచేది దేనికి? వానల కోసం, పంటల కోసం," అన్నది కమలాబాయి. "ధర్మా పెట్టె పోయిన తొవ్వ చెప్తున్నది. ఇది రాబోయేది చెప్తున్నది. చేన్లకు పడవొస్తదంట. మా బుట్టలు దీంట్లనే."

అప్పటికప్పుడు పాట కట్టింది. పిల్లలు అందుకున్నరు. బీక్యా చేతులు ఎత్తేసిండు. "ఇంట్ల నాయక్ చెప్పినంక బయటి నాయక్ ఏం జేస్తడు?"

బుట్టలు గోప్యా పడవలనే పోయినయ్. పెట్టె దారంతా కుయ్యిమంటనే ఉన్నది, గోప్యా దానికి కుంకుమ బొట్టు పెట్టిండు. వాన పడ్డదా అంటరా? పడ్డది. ఎంత పడ్డదంటే నేను మంచంల కూసోని, చెప్పుతోటి తెడ్డేసుకుంట చాయ్ హోటల్‌కు పోయిన.

వాన జర తెరిపిచ్చినంక కోదాడ బస్సుల ధర్మా కనవడ్డడు. ఒళ్లె తువ్వాలల చుట్టిన పెట్టె.

"ఏడికి ధర్మా?"

"టీవీ ఖరాబైంది తాతా."

నాకేం పని లేకున్నా వాని వెనుకనే దిగిన. దుకాణంల అడుగు పెట్టకముందే అడిగిండు:

"గోప్యా ఏది కొన్నడు సేటూ? దానికంటె నేల ఎక్కువున్నది ఇయ్యి."