తలకిందులుగా చదివిన పాస్టీ

లాహ్తీ వాళ్ళింట్లో తెల్లారేది పాస్టీల వాసనతోనే. రెండు రొట్టెముక్కల మధ్య జామ్ పూసి పిల్లల్ని బడికి తోలేసే తల్లులంటే హెల్మికి మహా చిన్నచూపు. "ఎదిగే పిల్లలకి అదేం తిండి? గంట తిరక్కుండానే కడుపు కాలుతుంది!" అనేది. ఆమె పాస్టీలో మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, రుటబాగా దుంప దండిగా ఉండేవి. పిండిలో సగం ముడిగోధుమది. కజ్జికాయలా అంచు మడిచి కాలిస్తే, అరచెయ్యి నిండేంతది, పూటకి ఒక్కటి చాలు. రాగి గనుల్లోకి దిగిన తాతలు తిన్నదీ అదే.

గనుల నాటి పద్ధతి ఇంకొకటి ఆ మంచు ఊళ్ళో చెక్కుచెదరలేదు. పాస్టీ మూల మీద తినేవాళ్ళ పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఒకరి అక్షరం ఇంకొకరు తినకూడదు, అంతే. మిగతా ఇళ్ళల్లో ఫోర్కుతో పొడిచి రాస్తారు. హెల్మి ఇంట్లో మాత్రం ఓవెనే రాసేది. బోసిగా లోపలికి వెళ్ళిన పాస్టీ, ఎవరు తినాలో వాళ్ళ అక్షరంతో బయటికొచ్చేది. "మీ ఓవెన్ దస్తూరీ బాగుంటుందమ్మా" అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు.

ఓ సోమవారం మిగిలిన పిండితో మూడోది కూడా చేసింది హెల్మి. కొడుకు ఐనో (Eino)కి ఈ (E), కూతురు విల్లా (Willa)కి డబ్ల్యూ (W), ఆ పక్కన ఇంకో డబ్ల్యూ!

"చూశార్రా! నా కూతురు రెండు లాగించే మనిషి!" అని మురిసిపోయింది. ఆ వారమంతా మూడోది అలాగే వచ్చింది. విల్లా అలాగే రెండూ తినేసింది.

విల్లా బడి స్కీ జట్టులో ఉంది. రిలేలో ఆఖరి పరుగు, అంటే కొండెక్కే పరుగు, మార్నీ ట్రెవారోది. కొండ మీద ఆమెకి సాటి లేరు. కానీ ఈమధ్య సగం ఎక్కేసరికి మోకాళ్ళు వణుకుతున్నాయి. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుంటే మంచినీళ్ళు తాగి, "తింటే ఒళ్ళు బరువెక్కుతుంది నాకు" అనేది. వాళ్ళ నాన్న పని పోయిందని ఊరందరికీ తెలుసు. జాలి చూపిస్తే మార్నీ కళ్ళతోనే కాల్చేస్తుందనీ తెలుసు. ఎవరో ఆపిల్ జరిపితే, వేలితో వెనక్కి నెట్టేసింది.

"శనివారం పందెంలోపు మార్నీ కోలుకోకపోతే ఆఖరి పరుగు విల్లాది" అన్నాడు కోచ్. విల్లాకి చిన్నప్పట్నుంచీ అదే కల.

శుక్రవారం పొద్దున్న ఐనో ట్రే దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, మడిచిన అంచు పైకి పెట్టి అక్షరం చదవాలని నన్ను మొట్టి మరీ నేర్పావే. ఇదేంటి?"

మూడో పాస్టీని అంచు పైకి వచ్చేలా తిప్పాడు. డబ్ల్యూ కాస్తా ఎమ్ (M) అయి కూర్చుంది.

"వారమంతా వేరేవాళ్ళది తిన్నానా!" విల్లా మొహం పాలిపోయింది.

హెల్మి కుర్చీలో కూలబడింది. "తప్పు నాదే తల్లీ. మురిసిపోతూ అంచెటుందో కూడా చూసుకోలేదు."

ఎమ్‌తో బళ్ళో బోలెడుమంది ఉన్నారు. మధ్యాహ్నం మంచినీళ్ళతో లేచేది ఒక్కతే. పాస్టీ ఇచ్చేస్తే ఆఖరి పరుగూ ఇచ్చేసినట్టేనని విల్లాకి తెలుసు. అయినా దాన్ని తువ్వాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

భోజనాల బల్ల మీద విల్లా తువ్వాలు విప్పగానే, "నేను మధ్యాహ్నం తినను" అంది మార్నీ.

"తినకు. పారెయ్. నీ అక్షరం ఉంది, నేనైతే ముట్టుకోలేను."

మార్నీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు పైకి పెట్టి మళ్ళీ చూసింది.

"ఎప్పట్నుంచి వస్తోంది?"

"సోమవారం నుంచి. తలకిందులుగా చదివి నేనే తినేశాను. క్షమించవే."

"దొంగమొహమా! నా తిండి తినేనా నన్ను దాటిపోతున్నావు?" మార్నీ పకపకా నవ్వి, అక్షరం లేని మూల నుంచి కొరికింది. కొరికాక ఆగలేదు. ఆఖరికి ఎమ్ ఒక్కటే మిగిలితే, దాన్ని కాసేపు చూసుకుని నోట్లో వేసుకుంది.

శనివారం పొద్దున్న కూడా ఎమ్ వచ్చింది. మార్నీ కొండెక్కింది. మోకాళ్ళు వణకలేదు. రెండో పరుగు ముగించి ముందే కొండపైకి చేరుకున్న విల్లా గొంతు పోయేలా అరిచింది. కింద మంచులో హెల్మి కనపడ్డవాళ్ళందరికీ, "ఆ అరుస్తున్నది మా అమ్మాయే" అని చెప్పుకుంది. అంత గర్వం ఆమెకి ఇంతకుముందు ఎన్నడూ కలగలేదు.

సోమవారం తెల్లారేసరికి పెరటి తలుపు చప్పుడైంది. ఎవరినీ ఏనాడూ ఏమీ అడగని మార్నీ, బూట్ల మంచు దులుపుకుంటూ, ముక్కు పైకెత్తి నిలబడి ఉంది.

"నా పాస్టీ అయిందా ఆంటీ?"

హెల్మి ఓవెన్ దగ్గర్నుంచి వెనక్కి తిరగనైనా లేదు.

"అయింది. అంచు పైకి పెట్టి పట్టుకో, కాలుతోంది."