శుక్రవారం దాకా టిక్కులు

సోమవారం పొద్దున్నే వారం మొత్తానికీ టిక్కులు కొట్టేయడం అతనికి మూడేళ్ళుగా అలవాటు. లాగ్‌బుక్‌లో ఒక్క గడి ఖాళీ ఉండదు కాబట్టి ల్యాబ్‌లో అందరూ టిక్కుల మాస్టారు అనేవారు. ఆ పేరుకు మనవాడు లోలోపల మురిసిపోయేవాడు కూడా, సిగ్గులేకుండా.

ల్యాబ్ మధ్యలో రెండు టన్నుల అల్యూమినియం కడ్డీ ఉంది. దాన్ని ద్రవ హీలియంతో ఊహకందనంత చలిలో ఉంచారు. ఎక్కడో నక్షత్రాలు ఢీకొంటే పుట్టే గురుత్వ తరంగం దాన్ని రవ్వంత మోగిస్తుందని పద్దెనిమిదేళ్ళుగా కాచుకు కూర్చున్నారు. చిక్కల్లా కాస్మిక్ కిరణాలతోనే. ఆకాశంలోంచి వాటి జల్లు పడినా కడ్డీ అచ్చం అలాగే మోగుతుంది. ఆ తేడా చెప్పడానికే కడ్డీకి పైనా కిందా, ఆ కిరణాలను పసిగట్టే కౌంటర్లు పెట్టారు. పెద్ద జల్లు పడితేనే అవి పలుకుతాయి. ఒక్కోరోజు అసలు పలకవు, కాబట్టి మౌనంగా ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. రోజూ వాటి స్విచ్ చూసి టిక్కు పెట్టడం అతని పని.

మంగళవారం కడ్డీ గట్టిగా మోగింది. కౌంటర్లు పలకలేదు, అంటే జల్లు కాదన్నమాట. ఇలాంటి కడ్డీ అప్పుడు ఇంకెక్కడా పనిచేయడం లేదు, ఉన్న సాక్ష్యమల్లా ఆ మౌనమే. ల్యాబ్ పెద్ద అతని బావగారే. వచ్చే నెల రిటైరవుతున్న మనిషి, ఆ పూట నడకే మారిపోయింది. రాత్రి అక్క ఫోన్ చేసి, మీ బావ భోజనం దగ్గర కూనిరాగం తీశార్రా అని నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం దుమ్ము తుడుద్దామని కౌంటర్ల వెనక్కి వెళ్తే స్విచ్ ఆపేసి ఉంది. సోమవారం హీలియం నింపేముందు తనే ఆపాడు. ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్ళి మరిచిపోయాడు. పరుగున వెళ్ళి చెప్పాల్సింది పోయి, అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా స్విచ్ నొక్కాడు. మరుపు కన్నా ఆ నొక్కుడే అతన్ని ఎక్కువ తినేసింది. సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు.

బావగారు నివేదిక పంపబోతున్నారని తెలిశాక ఇక ఉండలేక ఆయన గదిలోకి వెళ్ళాడు.

"బావగారూ, సోమవారం నుంచీ కౌంటర్లు ఆగిపోయి ఉన్నాయి. నేనే ఆపి మర్చిపోయాను. ఇవాళ చూసి, ఎవరికీ చెప్పకుండా వేసేశాను."

కేకలేస్తే బాగుండుననుకున్నాడు. ఆయన వేయలేదు. "అయితే నిన్నటిది జల్లేనంటావా?" అని మాత్రం అడిగారు.

"ఏమో. ఇక ఎవరమూ చెప్పలేం."

బావగారు లాగ్‌బుక్ తెప్పించుకుని తెరిచారు. ఆయన వేలు సోమవారం మీంచి మంగళవారానికి, బుధవారానికి జరిగింది. అక్కడ ఆగాల్సింది. గురువారం, శుక్రవారం గడుల్లో కూడా టిక్కులు ముచ్చటగా కూర్చుని ఉన్నాయి.

"రేపు ఇంకా రాలేదు కదరా," అన్నారు మెల్లగా.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆయన పేజీలు వెనక్కి తిప్పుతూ పోయారు, నెలలకు నెలలు, మూడేళ్ళు.

"వీటిలో చూసి పెట్టినవెన్ని?"

చాలావరకు చూశాననడానికి నోరు తెరిచాడు. ఆయన ముఖం చూశాక ఆ మాట రాలేదు. "తెలీదు బావగారూ," అన్నాడు.

బావగారు మొదటి పేజీ తీసి, ఎర్ర పెన్ను అతని చేతిలో పెట్టారు. "తెలీనివన్నీ కొట్టెయ్."

అతను మొదటి గడి మీద ఎర్రగీత గీశాడు. టేబుల్ మీద బావగారి ఫోన్ మోగుతోంది, అక్క పేరు కనిపిస్తోంది. బావగారు దాన్ని బోర్లా పెట్టి, రెండో గడి చూపించారు.