ఎంబసీ చొక్కా

నేను ఒక నీలం చొక్కాని. కువైట్‌లో ఒక ఇరుకు గదిలో మేకుకు వేలాడుతుంటాను. గదిలోవాళ్ళు నన్ను ఎంబసీ చొక్కా అంటారు. సొంత పేరున్న చొక్కాలు లోకంలో ఎన్నుంటాయి చెప్పండి!

నన్ను కుట్టింది మెట్‌పల్లిలో గంగామణి. భర్త పోశెట్టి గల్ఫ్‌కు బయలుదేరుతుంటే, పాస్‌పోర్టు భద్రంగా ఉండాలని నాకు లోపలివైపు ఒక జేబు కుట్టి గుండీ పెట్టింది. పాపం, ఆ ముందుచూపు ఒక్కరోజుకే సరిపోయింది. వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, దిగీదిగగానే పాస్‌పోర్టు తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు. తోటపని అని పిలిపించి ఎడారిలో గొర్రెలు కాయించాడు. జీతం లేదు, తిండి అంతంతమాత్రం. పోశెట్టి పారిపోయి ఈ గదికి చేరాడు. కఫీల్ అతనిమీద పరారీ కేసు పెట్టాడు.

గదిలో అందరిదీ ఇంచుమించు ఇదే కథ. పాస్‌పోర్టు లేనివాడు ఇంటికి పోవాలంటే ఎంబసీ ఇచ్చే అవుట్‌పాస్ కావాలి. కాలరున్న చొక్కాతో ఫోటో దిగితే పని తొందరగా అవుతుందని వీళ్ళ నమ్మకం. అలాంటి చొక్కా గదిలో నేనొక్కదాన్నే. పొట్టివాడూ పొడుగువాడూ బొజ్జవాడూ అందరూ నాలో దూరారు. పని అయినవాడు నన్ను ఉతికి మేకుకు తగిలించి పోవాలి. అది గది కట్టుబాటు.

ఒకసారి పోశెట్టి నన్ను తొడుక్కుని పోతే, ఎంబసీ కౌంటర్లో తెలుగాయన నన్ను ఎగాదిగా చూశాడు.

“మీ గదిలో అందరికీ ఒకే దర్జీనా?”

“అవు సార్, మా ఇంటామెనే,” అన్నాడు పోశెట్టి.

ఆయన నవ్వబోయి ఆగాడు. “కేసు తీసెయ్యందే విమానం ఎక్కనివ్వరయ్యా. మీ కఫీల్‌ని మళ్ళీ అడుగుతాం.”

ఊళ్ళో గంగామణికి కిడ్నీలు పాడయ్యాయి. ఆమె ప్రాణంతో ఉండగా ఇల్లు చేరాలి, పోశెట్టికి ఇంకేమీ అక్కర్లేదు. ఫోన్లో ఆమే అతనికి ధైర్యం చెప్పేది.

“నువ్వచ్చేదాంక నేనేడికి వోను. అంగి మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది. అందరు తొడుగుతున్నరు.”

“తొడగనియ్యి, పుణ్యం.”

కఫీల్‌కు వేరే కాపరి దొరికాడు కాబోలు, చివరికి కేసు వదిలేశాడు. అవుట్‌పాస్ చేతికొచ్చిన రోజు పోశెట్టి దాన్ని మడిచి నా లోపలి జేబులో పెట్టి గుండీ వేసుకున్నాడు. ఎన్నేళ్ళకో ఆ జేబు నిండింది. తిరుగు బస్సులో ఫోన్ మోగింది. బావమరిది.

“బావా... అక్క పొద్దుగాల పోయింది.”

నేనూ గంగామణి చేతిలో పుట్టినదాన్నే. ఆ పూట నాకూ ఏడవాలనిపించింది. గుడ్డను, ఏం చేయను? అతని కన్నీళ్ళు పీల్చుకున్నాను.

“అన్నా, అంగి తీస్కపో. వదిన కుట్టింది,” అన్నాడు గదిలో ఉండే సాయిలు.

“మరి రేపు నువ్వేమేస్కపోతవ్?”

పోశెట్టి నన్ను ఉతికి ఆరేశాడు. ఆరాక బ్లేడు తీసుకుని, లోపలి జేబు కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. ఆ గుడ్డముక్కలో అవుట్‌పాస్ చుట్టుకుని విమానానికి పోయాడు.

ఇప్పుడు సాయిలు నన్ను తొడుక్కుని ఎంబసీ వరుసలో నిలబడ్డాడు. జేబు ఊడిన చోట నా నీలం ఇంకా వెలవలేదు.