సీనియర్ల బల్ల

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆమెకు యాభైతొమ్మిదేళ్ళు. ఆదివారం మధ్యాహ్నాల్లో మాత్రం పదిహేడు. ముప్పై రెండేళ్ళుగా అంతే. అప్పుడాడే కథల ఆటలో ఆమె గోడలెక్కి తాళాలు తీసే దొంగపిల్ల. లిఫ్టులు బాగుచేసే వాళ్ళన్నయ్య అడవిలో దారి చూపే కత్తివీరుడు. కథ నడిపేది కోర్టులో టైపిస్టుగా రిటైరయిన పెద్దమనిషి. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆయన్ని గురువుగారంటారు. బల్లమీద నాలుగు కాగితాలు, పెన్సిళ్ళు, పాచికలు, అంతే సరంజామా. మీ ముందు ఫలానాది ఉందని ఆయన చెబుతారు, ఏం చేస్తారో వీళ్ళు చెబుతారు, అది పారుతుందో లేదో పాచిక తేలుస్తుంది. మిగతాదంతా మాటలే.

ఆడేది ఒక ఆటల దుకాణంలో. పెద్ద హాలు, అయిదు బల్లలు, బల్లకు ఆరేడుగురు చొప్పున కుర్రకారు. ఒక ఆదివారం వీళ్ళు వెళ్ళేసరికి దుకాణం యజమానురాలు వెనక సామాన్ల గది ఖాళీ చేయించి, రంగు వేయించి, వీపానుకునే కుర్చీలు వేయించి, తలుపు మీద బోర్డు పెట్టించింది: ‘సీనియర్ల బల్ల’. మీకోసమే అంది, మొహం వెలిగిపోతూ.

గురువుగారికి పట్టింపు లేదు. నలభయ్యేళ్ళు మనుషుల్ని వాది, ప్రతివాది అని టైపు కొట్టిన ఆయనకు, పేరు కాగితానికే తప్ప మనిషికి అంటదని నమ్మకం. ఆమెకు మాత్రం ఎక్కడో చివుక్కుమంది. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే మొహమాటం లేకుండా కూర్చుంటుంది. కానీ వయసెంతని ఎవరూ అడగని చోటు ఆమెకు ఇదొక్కటే ఉండేది. ఇక అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు.

“ఏ లిఫ్టునైనా సీనియర్ అంటారా అమ్మా?” అన్నాడు. “నడుస్తోందా, ఆగిపోయిందా. ఆ రెండే.”

పాపం, యజమానురాలు బోర్డు మీది మాట మార్చి చూసింది. తలపండినవాళ్ళు అని రాయిద్దామా అంటే, పండటానికి పైన పంటేదీ అని గురువుగారు నున్నటి గుండు తడుముకున్నారు. పోనీ పాతకాపులు అంటేనో? చెల్లెలికి ఆ మాట నచ్చింది; అందులో ఆరితేరినతనం ఉంది. అన్నయ్య ఒప్పుకోలేదు. పాత అనే ముక్క ముందే కూర్చుందిగా అన్నాడు. చివరికి బోర్డు అలాగే ఉండిపోయింది, వీళ్ళూ హాల్లోనే ఉండిపోయారు.

మూడో వారం, పక్క బల్లవాళ్ళు ఎవరో రాక్షసుణ్ణి కూల్చి కప్పెగిరిపోయేలా అరుస్తున్నారు. గురువుగారు గొంతు పెంచారు. “మలుపు తిరగ్గానే ఒడ్డున పడవ ఉంది. ఏం చేస్తారు?”

“గొడవుందా? అయితే కత్తి దూస్తున్నా,” అన్నాడు అన్నయ్య.

గురువుగారు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అన్నయ్యా నవ్వాడు గానీ ఒక్క క్షణం ఆలస్యంగా, వాళ్ళ మొహాలు చూసి నవ్వాడు. అది చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. పంటివరసలో వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం ఆమె వృత్తి. ఇంటికొచ్చి ఆలోచిస్తే అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కొన్ని నెలలుగా అన్నయ్య గురువుగారి పెదవులు కనబడేలా, సరిగ్గా ఎదురుగానే కూర్చుంటున్నాడు. ఏమడిగినా ‘నువ్వెలా అంటే అలా’ అంటున్నాడు. మాటకు మాట అంటించకుండా వదలని మనిషి, వంతు రాగానే పాచిక వేసి ఊరుకుంటున్నాడు. ఆటంతా మాటలే అయినప్పుడు, మాట వినబడకపోతే ఇక మిగిలేదేముంది? వెనక గదిలో అయితే గోల ఉండదు. కానీ ఆ బోర్డు దాటి లోపలికి నడిస్తే ఆ మాట ఒప్పేసుకున్నట్టేనని అన్నయ్య భయం కాబోలు.

మొహమ్మీద అడిగితే కొట్టిపారేస్తాడని ఆమెకు తెలుసు. అంచేత తరువాతి ఆదివారం పాచికను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చిరాకు పడింది. ఈ దీపాల్లో అంకెలు కనబడి చావట్లేదని, వెనక గదిలో వెలుతురు బాగుందని, ఎవరొచ్చినా రాకపోయినా తను అక్కడికే పోతానని చెప్పింది.

అన్నయ్య ఆమె వంక చూశాడు. రోజూ ఎనిమిది గంటలు ఆవగింజంత పంటి అంచులు దిద్దే కళ్ళవి. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. సంచి భుజాన వేసుకుని, “పద చెల్లాయ్. నీ కళ్ళకోసం,” అన్నాడు.

తలుపు మూయగానే హాలు గోల దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. గురువుగారు మామూలు గొంతుతో కథ అందుకున్నారు. పావుగంటకు అన్నయ్య వెనక్కి వాలి కూర్చున్నాడు. అరగంటకు అడ్డు తగిలాడు. పడవవాడు నది ఈదొచ్చానంటున్నాడు గానీ వాడి చెప్పులు పొడిగా ఉన్నాయని ఇందాక మీరే చెప్పారుగా అని నిలదీశాడు. చాన్నాళ్ళ తర్వాత గురువుగారు ఇరుకున పడ్డారు. ఆమె తల వంచుకుని కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించింది.

అంతలో తలుపు కొంచెం తెరుచుకుంది. డెబ్భై దాటిన ఒకావిడ తల లోపలికి పెట్టి, “సీనియర్లంటే వయసులోనా, ఆటలోనా?” అని అడిగింది. ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరయిందట. ఏడాదిగా ఈ దుకాణం అద్దంలోంచి ఆట చూస్తోందట. ఆ కుర్రకారు మధ్యకెళ్ళి నాకూ నేర్పండని అడగడానికి మొహం చెల్లలేదట. “బోర్డు చూశాక ధైర్యమొచ్చింది. నాకు ఆట రాదు. ఫరవాలేదా?”

ఇన్నాళ్ళూ వీళ్ళు ఆడిపోసుకున్న మాటే ఈవిడకు దారి చూపించింది. అన్నయ్య లేచి కుర్చీ లాగాడు.

“కూర్చోండి. మీరెవరో ఇక్కడ మీరే చెప్పుకోవాలి,” అన్నాడు.

ఆవిడ పాచికను అటూ ఇటూ తిప్పి చూసింది. తనకొక గుర్రం ఉందని, మిగతాది తర్వాత చెబుతానని అంది. గురువుగారు రాసుకున్నారు.

సాయంత్రం ఇంటికి నడుస్తూ, సగం దూరం వచ్చాక అన్నయ్య అడిగాడు.

“ఎప్పట్నుంచి తెలుసే నీకు?”

“పడవ దగ్గర్నుంచి.”

అప్పుడు చెప్పాడు. తను పన్నెండేళ్ళుగా లిఫ్టు చూసుకుంటున్న ఒక భవనంలో, నాలుగో అంతస్తులో, చెవుల డాక్టరున్నాడు. ఆ తలుపు తట్టడానికి మనసొప్పడం లేదు. చెవిలో ఆ వినికిడి మిషను పెట్టుకున్న రోజు, ఆటలో కూడా ముసలాణ్ణయిపోతానేమోనని.

“గోడలెక్కే దొంగపిల్ల నాలుగేళ్ళుగా మోకాలి పట్టీ వేసుకుని వస్తోంది,” అందామె. “ఏ గోడైనా వద్దందా?”

గురువారం ఆ భవనంలో పని పడింది. తీగలు చూసి, నూనె వేసి, చేతులు తుడుచుకున్నాక, అన్నయ్య నాలుగో అంకె నొక్కాడు. చెవిపరికరం వచ్చాక మొదటి ఆదివారం, గురువుగారి పెన్సిలు మరీ గరగరలాడుతోందని, కాస్త మెల్లగా రాయమని ఆట ఆపి మరీ ఫిర్యాదు చేశాడు.