బ్రాందీ సీసా మెడ పాడిన పాట

నేను ఒక సీసా మెడను. మెడే, సీసా మొత్తం కాదు. కింది ఒళ్లంతా విశాఖ రైల్వే కాలనీలో ఎడ్వర్డ్ మాస్టారు నన్ను కోసిన రోజే చెత్తలోకి పోయింది. లోపలి బ్రాందీ అంతకు ముందే పోయింది. ఎటు పోయిందో చెప్పడం మర్యాద కాదు.

మాస్టారు రిటైరైన రైల్వే గార్డు. నా అంచును నున్నగా అరగదీసి, చిటికెన వేలికి తొడుక్కుని, గిటార్ తీగల మీద జార్చేవారు. అమెరికా నల్లవాళ్ల కష్టాల్లోంచి పుట్టిన బ్లూస్ సంగీతం అది. తీగ మూలిగేది, మారాం చేసేది, ఉన్నట్టుండి నవ్వేది. పేరు మాత్రం గిటార్‌కే వచ్చింది. మనుషులంతే, పెద్దగా కనిపించేదాన్నే మెచ్చుకుంటారు.

పక్కింట్లో బట్టలు కుట్టే కరుణ గోడవతల నుంచి విని విని, చివరికి మిషను ఆపేసి వచ్చి శిష్యురాలైంది. "ఇది ఏడుపు పాట కాదమ్మా, ఏడ్చి లేచినోడి పాట," అని మాస్టారు ఆమెకు చెప్పేవారు.

మాస్టారు పోయారు. ఇల్లు సర్దిన బంధువులు గిటార్‌ను దుప్పట్లో భద్రంగా చుట్టి, నన్ను గాజుపెంకు అని చెత్తబుట్టలో పారేశారు. కరుణ బుట్ట బోర్లించి నన్ను ఏరుకుంది. మాస్టారిని తలుచుకునేందుకు చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక నాడు ఆయన పాటే వాయిస్తానని పట్టుబట్టింది. బార్లలో వాయించే పాట దేవుని మందిరంలో ఏమిటని పెద్దలు గొణిగారు. మాస్టారి భార్య సెలీనమ్మ గిటార్ తెచ్చి కరుణ ఒళ్లో పెట్టాక పెద్దలే వెళ్లి బెంచీల్లో కూర్చున్నారు.

ఆమె వేలికి నేను వదులు. జాకెట్టు గుడ్డ పీలిక చుట్టి బిగించుకుంది. మొదటి మూలుగుకే చేతిరుమాళ్లు బయటికొచ్చాయి. అంతలో పాట లేచింది. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు అందుకున్నారు. పాత రైలు డ్రైవర్లు కాళ్లతో తాళం వేశారు. ఏడవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు, పాస్టరుగారు తప్ప. నాకు గర్వం ఆగలేదు.

పాట ముగిశాక పాస్టరుగారి చూపు నా మీద పడింది. తాగుడు మీద ఆయన ప్రసంగమంటే కాలనీ అంతా హడల్.

"వేలికేటమ్మా అది?"

కరుణ దాచలేదు. "బ్రాందీ సీసా మెడండి. మాస్టారిది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా లేచి నిలబడ్డారు.

"మరొక్కసారి వాయించమ్మా."

నిండు సీసానై ఉంటే నన్ను ఆ గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. మెడ మాత్రమే మిగిలాక, మా మాస్టారి పాటను అక్కడ రెండుసార్లు పాడాను.