అటక మీద నలభై జడలు

వెల్లుల్లి గడ్డను అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, బరువెంతో గ్రాములతో సహా చెప్పేసేవాడు. అందుకే అతను వెల్లుల్లి అమ్మే మార్కెట్లో అందరూ అతన్ని కాటా అనేవారు. మామగారు పోయాక, భార్యతో అత్తగారింటికి వచ్చి పొలం చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ పేరు కూడా వెంటే వచ్చింది.

మొదటిసారి మళ్ళు వేసే రోజే కాటా ఒక లెక్క కట్టాడు. పెద్ద గడ్డలకు గిరాకీ ఎక్కువ, అవి బండెక్కాలి. చిన్నవి ఎవరూ కొనరు, అవి విత్తనానికి సరి. పైగా కిలో చిన్న గడ్డల్లో రెబ్బలు ఎక్కువ, కాబట్టి మొక్కలూ ఎక్కువే. పుట్టి పెరిగిన రైతు ఎవడూ ఈ లెక్క కట్టడు. తూకం తెలిసినవాడు మాత్రమే ఇంత చక్కగా పొరపడగలడు.

మొదటి ఏడు బాగానే నడిచింది. రెండో ఏడు గడ్డలు తగ్గితే తప్పు వాన మీదికి నెట్టాడు. మూడో ఏడు ఎరువు మీదికి నెట్టాడు. నాలుగో ఏడు నెట్టడానికి ఎవరూ మిగల్లేదు. షెడ్డులో ఆరబెట్టిన పంటంతా గోళీల కంటే కాస్త పెద్దది, అంతే.

ఏటా పంట బండికెత్తించుకెళ్ళే టోకు వ్యాపారి పిడికెడు తీసి చూసి, "ఇవి గడ్డలా, మాత్రలా?" అన్నాడు. "శుక్రవారం వస్తాను. పెద్దవి పది పెట్టెలు చూపించు. లేదంటే బండిలో నీ వంతు ఇంకొకరికిస్తాను. ఏమీ అనుకోకు కాటా."

అనుకోకుండా ఎలా ఉంటాడు? ఆ బండి రాకపోతే పంటంతా నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరగాల్సిందే.

మర్నాడు ఖాళీ గోతాల కోసం అటకెక్కాడు. చూరు వాసానికి వరసగా వెల్లుల్లి జడలు వేలాడుతున్నాయి. నలభై. జడకు ఇరవై గడ్డలు, ఒక్కోటీ పిడికిలంత. ఒకదాన్ని తెంపి ఎగరేశాడు. తొంభై గ్రాములు. రెండు మెట్లు ఒకేసారి దిగుతూ వంటింట్లోకి వచ్చి పడ్డాడు.

"అత్తయ్యా! అటక మీద అవేంటి?"

చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తగారు తలెత్తలేదు. "వెల్లుల్లి. ఇన్నేళ్ళు అమ్మావు, గుర్తుపట్టలేదూ?"

"అది కాదు, ఎక్కడివని!"

"మీ మామయ్య రకమే నాయనా. వంటింటి వెనక నా మడిలోవి. తవ్వగానే మంచివన్నీ ఏరి విత్తనానికి పక్కన పెడతాను. మిగిలినవే వంటకి. తొలిఫలం దేవుడిదనేవారు మీ మామయ్య. మట్టికిచ్చిందీ దేవుడి చేతికిచ్చినట్టేనట."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"మూడేళ్ళు చెప్పాను. నువ్వు నా మాటను తూచి, తేలిపోయిందని పక్కన పెట్టావు."

పొయ్యి దగ్గర భార్య కిసుక్కున నవ్వింది. "వెల్లుల్లి ఒక్కటేనా అమ్మా, మాకూ అదే లెక్క. ఓపికంతా మార్కెట్‌కి, భోజనాల వేళకి మాకు ఆవలింతలు. దేవుడికి అందులోనూ సగం." అంటూ అచ్చం అతనిలాగే నోరు తెరిచి ఆవలిస్తూ, "ప్రభువా, అన్నీ నీకు తెలుసు, ఆమేన్" అంది.

"ఆయనకి తెలుసులే. తెలీంది మీ ఆయనకే" అంది అత్తగారు.

కాటాకి నవ్వు రాలేదు. "అత్తయ్యా, ఆ జడలు నాకిస్తే శుక్రవారం గట్టెక్కుతాను."

ఆవిడ చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది. "ఇవ్వనని ఎవరన్నారు? ఇల్లు నీది, అటక నీది. మార్కెట్‌కా, మట్టికా, నువ్వే తేల్చుకో. కానీ వచ్చే ఏడు మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కకు. పైన ఏమీ ఉండదు."

కాటా మళ్ళీ అటకెక్కి జడల కింద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మితే ఒక శుక్రవారం గడుస్తుంది, ఆ పై శుక్రవారాల మాటేమిటి? గింజ మట్టిలో పడి చావాలని చర్చిలో ఎన్నిసార్లు వినలేదు! విన్నప్పుడల్లా అది సమాధుల దగ్గర ఓదార్పుకి చెప్పే మాట అనుకున్నాడు. అది విత్తేవాడికి చెప్పిన మాట అని ఇప్పుడు తెలిసింది. చేతిలో ఉన్నంతసేపూ ఈ గడ్డ ఒక్కటే. విడదీసి పాతితే పది. పిండి కొద్దీ రొట్టె అని ఊరికే అన్నారా? నాలుగేళ్ళుగా మట్టికి తాలు ఇచ్చి గట్టిది అడిగాడు. ఇంట్లోనూ అంతే.

ఆవలింత రాకుండా చేసిన మొదటి ప్రార్థన అతనికి అదే. "ప్రభువా, ఇంత నికరమైన బేరం ఇన్నాళ్ళూ నా కంటికి ఆనలేదు. ఇదిగో, మంచివే ఇస్తున్నాను" అన్నాడు. భయం వేయలేదు. సరుకు నమ్మకమైన చేతికి అప్పగించినప్పుడు ఉండే నిబ్బరం వచ్చింది.

శుక్రవారం బండి వచ్చేసరికి ముగ్గురూ మడి గట్టున కూర్చుని గడ్డలు విడదీస్తున్నారు.

"అమ్మో, ఇంత సరుకు దాచావా!" వ్యాపారి చెయ్యి చాచాడు.

కాటా గంప తన వైపు లాక్కున్నాడు. "ఇది అమ్మకానికి కాదు బాబాయ్. విత్తనం."

"బేరం తెలిసినవాడివి, మట్టిలో పోసుకుంటావా?"

"బేరం ఇప్పుడే తెలిసింది. వచ్చే ఏడు రా."

"నీ వంతు ఉండదు."

"నాకు పంట ఉంటుంది."

బండి వెళ్ళిపోయింది. గోళీల్లాంటి గడ్డలు ఎవరూ కొనకపోతే, కాటా వాటిని ఒలిచి పొట్లాలు కట్టి హోటళ్ళకు వేశాడు. ఒలిచే పనికి మధ్యాహ్నాలు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ చేరేవారు. ఏ కబుర్లూ దొరక్కపోతే అత్తగారు అతని పాత ప్రార్థన చేసి చూపించేది. వేళ్ళు ఘాటెక్కినా ఇంట్లో మాట కమ్మగానే ఉంది.

పంట తవ్వే రోజు కాటా పొద్దున్నే, పలుగు పట్టకముందే ప్రార్థన చేశాడు. అది ముగిసేసరికి భార్య తెచ్చిన కాఫీ చల్లారింది. మొదటి మొక్క పెళ్ళగించి మట్టి దులిపి ఎగరేశాడు. "తొంభై అయిదు!"

కంచె అవతల బండి ఆగింది. "వంతు ఇంకా ఖాళీగానే ఉందయ్యా కాటా" అన్నాడు వ్యాపారి, ఏమీ జరగనట్టు. "ఎత్తించమంటావా?"

"కూర్చో బాబాయ్." పెట్టె ఒకటి బోర్లించి చూపించాడు. "ముందు ఈ గంప నిండాలి, తర్వాతే నీ బండి." ఆ తొంభై అయిదు గ్రాముల గడ్డను అత్తగారి విత్తనాల గంపలో వేసి, ఇంకో మొక్క మీదికి వంగాడు.

"కాస్త కిందగా పట్టి లాగు అల్లుడూ, కాడ తెగితే జడకి పనికిరాదు" అంది అత్తగారు.

వ్యాపారి పెట్టె మీద కూర్చున్నాడు. గంప చాలా పెద్దది.