బుట్టలో బెల్లం

కుమారి పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. రాత పరీక్ష కోసం, అందరూ కోట అని పిలిచే శృంగవరపుకోటలో కోచింగుకి వెళ్ళేది. పరుగు పరీక్ష కోసం, ఇంకా వెలుగు రాకముందే బూట్లు కట్టుకుని, కొండ వైపు పోయే తారురోడ్డు మీద పరిగెత్తేది. మలుపు దగ్గర ఇటుకబట్టీ కుక్కలు వెంటపడుతున్నాయని ఒకరోజు ఇంట్లో చెప్పింది. మర్నాడు తండ్రి కూర్మయ్య రైసుమిల్లు నుంచి వస్తూ గోనెసంచిలో ఒక కుక్కపిల్లను తెచ్చి అరుగు మీద వదిలాడు.

"పెంచుకో. పెద్దదయితే పరుగులో నీ ఎంట వస్తాది," అన్నాడు.

అచ్చం కొత్త బెల్లం రంగు. అందుకని బెల్లం అనే పిలిచింది కుమారి.

పెద్దదయ్యేదాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. చిన్నప్పుడే అలవాటు చేస్తే కాళ్ళు గట్టిపడతాయనుకుంది. కొన్నాళ్ళకే మెడకి తాడు కట్టి రోడ్డెక్కించింది. మొదట కొంచెం దూరం, తర్వాత జీడిమామిడి తోట దాకా. బెల్లం ఒక్కనాడూ మొరాయించలేదు. నాలుక బయటపెట్టి, చెవులు ఎగరేసుకుంటూ, పొట్టి కాళ్ళతో ఆమె వెనకే పడి వచ్చేది. వెనక్కి తిరిగి చూస్తే తోక ఊపేది. ఇంటికొచ్చాక పెరట్లో కట్టేసి ఎవరి దగ్గరికీ పోనిచ్చేది కాదు కుమారి. అందరికీ మాలిమి అయితే కాపలాకి పనికిరాదని ఎవరో చెప్పారు.

నాయనమ్మ దేముడమ్మ కుక్కని ముట్టుకునేది కాదు. కానీ దాన్ని కనిపెట్టి చూస్తూనే ఉండేది.

"పసిగుడ్డుని అలగ పరిగెట్టిస్తన్నావేటే?"

"నాను లాగట్లేదు నాయినమ్మా. అదే వస్తన్నాది."

"నువ్వు పిలిస్తే అది నూతిలోకైనా వస్తాది. దానికేటి తెలుసు?"

కుమారి నవ్వేసి బూట్లు విప్పుకుంది.

ఒక ఉదయం జీడితోట దాటాక తాడు బరువెక్కింది. వెనక్కి చూస్తే బెల్లం రోడ్డు మీద కూర్చుని ఉంది. "రా," అంది కుమారి. అది లేచింది. ముందుకాళ్ళు వణికాయి. రెండడుగులు వేసి పక్కకి ఒరిగిపోయింది. అయినా ఆమె వైపే చూస్తూ తోక నేలకేసి కొడుతోంది. కుమారి తాడు వదిలేసి వంగింది. దాన్ని గుండెకి అదుముకుని ఇంటిదాకా నడిచి వచ్చింది. ఆరోజు కోచింగు మానేసి, ఆటోలో కోటలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దేముడమ్మ కూడా వస్తానని ఆటో ఎక్కింది.

డాక్టరు శ్రీలలిత కుక్కపిల్ల కాళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా వంచి చూసింది.

"విరగలేదు. బాగా అలిసిపోయి కీళ్ళు నొప్పెట్టాయి. కొన్నాళ్ళు పడుకోనియ్యి, తగ్గిపోతుంది. దీని ఎముకలు ఇంకా ముదరలేదమ్మా. పరుగు వద్దు. ఏడాది దాటాక మాట్లాడదాం. ఇప్పుడు పెరట్లో దాని ఇష్టానికి ఆడనిస్తే చాలు. తర్వాత వీధిలోకి తీసుకెళ్ళినా కాసేపే. అది ఆగితే నువ్వు ఆగాలి. కూర్చుంటే ఇంటికి ఎత్తుకు రావాలి."

కుమారి తలూపింది. ఇంతలో టీకా సూది తీసుకుని సహాయకుడు లోపలికి వచ్చాడు. అతన్ని చూడగానే బెల్లం కుమారి చంకలో తల దూర్చి, పళ్ళు బయటపెట్టి, ఒళ్ళంతా వణుకుతూ గుర్రుమంది.

"అప్పుడే ఎంత పౌరుషమో," అంది కుమారి కొంచెం గర్వంగా.

"పౌరుషం కాదు, భయం," అంది శ్రీలలిత. "మీ ఇంట్లోవాళ్ళని తప్ప ఇది ఎవరినైనా చూసిందా?"

కుమారి ఆలోచించింది. చీకట్లో రోడ్డు, పగలంతా పెరడు. అంతే.

"ఇదే వయసమ్మా, మనుషుల్నీ బళ్ళనీ చప్పుళ్ళనీ చూపించాల్సింది. ఇప్పుడు చూడకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ బెదిరి కరుస్తుంది. అయితే టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకు. ఎత్తుకునే చూపించు. అదీ కొంచెం కొంచెంగా."

తిరిగి వస్తుంటే కుమారి దిగులుగా ఉంది. ఉదయం పరుగు, పగలు కోచింగు. దీన్ని ఎత్తుకుని ఎవరు తిప్పుతారు?

దేముడమ్మ ఆటో బయటకి చూస్తూ అంది: "సంతకి ఎలాగూ ఎల్తాను కదా. కూరల పక్కన ఇంకో బుట్ట. అంతే కదేటి?"

దేముడమ్మ తమ మెట్టచేలో పండిన వంకాయలు, ఆనపకాయలు వారం వారం కోట సంతలో అమ్ముతుంది. ఆ వారం ఒక వెదురుబుట్టలో పాత దుప్పటి పరిచి బెల్లాన్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళింది. అది మొదట దుప్పటి కిందకి దూరిపోయింది. ఆమె బయటకి లాగలేదు. కాసేపటికి ముక్కు ఒక్కటీ బయటపడింది. ఆ తర్వాత కళ్ళు.

కూరలు బేరమాడేవాళ్ళు బుట్టలోకి చెయ్యి పెట్టబోతే దేముడమ్మ ఆపేది. "ముట్టుకోకండి. సెయ్యి అలగ బయట ఉంచండి. అదే వాసన సూస్తాది. నచ్చితే నాకుతాది, లేపోతే లేదు."

"బెల్లం, బెల్లం," అని ఆమె పలకరిస్తూ ఉంటే, ఒకాయన సంచి తెరుచుకుని వచ్చాడు.

"బెల్లం ఎలగిస్తన్నావు?"

"ఇది అమ్మకానికి కాదు బాబూ. ఆనపకాయలు తీసుకో."

హోటలుకి కూరలు కొనే ధనరాజ్ హెల్మెట్ పెట్టుకునే వచ్చేవాడు. అతన్ని చూస్తే బెల్లానికి హడలు. "ఆ టోపీ తియ్యి బాబూ, పిల్ల బెదురుతన్నాది," అంది దేముడమ్మ. అతను తీశాడు. లోపల మనిషి మొహం ఉందని చూసి బెల్లం మెడ సాచింది. మరుసటి వారం ఆమె అతన్ని ఊరికే పోనివ్వలేదు. "ఈసారి పెట్టి తియ్యి. మళ్ళీ పెట్టు," అంది. ధనరాజ్ నవ్వుతూ వంకాయల ముందు నిలబడి హెల్మెట్ పెట్టాడు, తీశాడు. చివరికి బెల్లం ఆ హెల్మెట్‌నే నాకింది.

ఒక సంతనాడు మాత్రం పెళ్ళి బ్యాండు అటుగా వచ్చింది. వాళ్ళు టపాకాయలు కాల్చారు. అదే సమయానికి బడి పిల్లలు బుట్ట చుట్టూ మూగారు. బెల్లం కీచుమంటూ బుట్టలోనే తడిపేసుకుంది. దేముడమ్మ పిల్లల్ని పంపేసి, తన తువ్వాలు బుట్ట మీద కప్పి, సగం కూరలు అమ్ముడుపోకుండానే ఇంటికి వచ్చేసింది.

"ఇంత వేగిరం వచ్చీసావేటి?" అంది కుమారి.

"దానికి ఈ పూటకి సాలు."

తర్వాతి వారం సంతకి తీసుకెళ్ళలేదు. ఇంటి అరుగు మీదే పక్కన కూర్చోబెట్టుకుంది. ఎదురింటి నారాయణమ్మ వచ్చి కబుర్లు చెప్పి వెళ్ళేది. బెల్లం వినేది. మళ్ళీ తోక పైకి లేచాకే బుట్ట తీసింది.

టీకాలు పూర్తయ్యాక సాయంత్రాలు వీధి చివరిదాకా తిప్పడం కుమారి వంతు. నడక అనడానికి లేదు. ప్రతి గోడనీ, ఎండిన ప్రతి పేడకడినీ బెల్లం వాసన చూడాలి. మొదట్లో కుమారి కాళ్ళు నిలిచేవి కావు. తర్వాత్తర్వాత ఆ ఆగడంలోనే ఆమెకి హాయి తెలిసింది. అయినా బెల్లం నిద్రపోయేది మాత్రం దేముడమ్మ మంచం కింద. అది చూసినప్పుడల్లా కుమారికి లోపల చిన్నగా కుళ్ళు పుట్టేది.

పరుగు పరీక్ష దగ్గరపడుతోంది. కుమారి పొద్దునా సాయంత్రమూ పరిగెత్తసాగింది. మోకాళ్ళ కింద ఎముక సలుపుతోందని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు అరుగు మెట్లు గోడ పట్టుకుని దిగుతుంటే దేముడమ్మ చూసింది.

"డాక్టరమ్మ సెప్పింది కుక్కకి ఒక్కదానికేనేటి?"

"నాకేటి కాలేదు."

"అదీ అలాగే తోక ఊపింది."

కుమారి మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఆరోజు బూట్లు కట్టుకోలేదు. కొన్నాళ్ళు నాయనమ్మ ఆముదం రాస్తుంటే కాళ్ళు చాపుకుని కూర్చుంది. బెల్లం వచ్చి ఆ కాళ్ళ మీద అడ్డంగా పడుకుంది. సలుపు తగ్గాక మళ్ళీ పరుగు మొదలుపెట్టింది, రోజుకి ఒక్క పూటే.

విజయనగరంలో పరుగు పరీక్ష జరిగింది. కుమారి అందరికంటే ముందేమీ రాలేదు. కానీ ఇచ్చిన సమయంలోపల గీత దాటింది. బస్సు కోటలో ఆగగానే దిగి, నేరుగా సంతకి వెళ్ళింది. జనం కాళ్ళ మధ్యనుంచి ముందు బెల్లమే ఆమెని చూసింది. మనుషుల్ని తప్పించుకుంటూ వచ్చి ఆమె మోకాళ్ళ మీద కాళ్ళు పెట్టింది.

"అయ్యిందేటి?" అంది దేముడమ్మ.

"అయ్యింది. పాసయ్యాను."

దేముడమ్మ కాసేపు వంకాయలు సర్దింది. తర్వాత పక్కన అమ్ముకునే ఆవిడతో, "మా మనవరాలు," అంది. "పోలీసవుతాది."

సాయంత్రం ఆటో దిగి ముగ్గురూ ఇంటి దారి పట్టారు. నారాయణమ్మ అరుగు దగ్గర బెల్లం ఆగి, కూర్చుంది. ఇంక కదలలేదు. కుమారి తాడు వదులు చేసి అరుగు అంచున దాని పక్కనే కూర్చుంది. దేముడమ్మ కూడా ఖాళీ బుట్టలు దించి చేరబడింది. నారాయణమ్మ మంచినీళ్ళు తెచ్చి, "ఏటి సంగతులు?" అంటూ వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంది.